పాత ఇంజిన్‌కు కొత్త బలం: 2,600 హార్స్‌పవర్ 3,100 ఎలా అయింది?

బిలాస్‌పూర్‌లో ఇంజిన్ అంటే ముందుగా గుర్తొచ్చేది రైలింజనే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు ఊళ్ల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. 2003 నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రం. కోర్బా బొగ్గు మోసే గూడ్సు బండ్లు రాత్రీ పగలూ ఇటుగానే వెళ్తుంటాయి.

పాత కారు కొనుక్కుని, ఇంజిన్ విప్పించి, ఇంకాస్త జోరు రాబట్టాలనుకునే కుర్రాళ్లు ఇప్పుడు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వాళ్లకు కావలసిన పాఠం రైల్వే ఎప్పుడో నేర్చుకుంది. 1960ల నాటి డీజిల్ ఇంజిన్‌ను, సిలిండర్ల సంఖ్య గానీ సైజు గానీ మార్చకుండా, 2,600 హార్స్‌పవర్ నుంచి 3,100కు పెంచింది. ఆ పని ఎలా జరిగిందో తెలిస్తే, స్పోర్ట్స్ కార్ ఇంజిన్ ట్యూనింగ్‌లో ఏది పని చేస్తుందో, ఏది డబ్బు దండగో అర్థమవుతుంది.

ఏమిటా ఇంజిన్?

డబ్ల్యూడీఎం-2. మొదటి అక్షరం బ్రాడ్‌గేజ్‌కు, రెండోది డీజిల్‌కు, మూడోది ప్రయాణికుల బండ్లు, గూడ్సు రెండూ లాగగలదని చెప్పడానికి. అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ డిజైన్ ఇది. మొదటివి 1962లో అక్కడి నుంచి వచ్చాయి. 1964 నుంచి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో తయారీ మొదలైంది. ఆల్కో 1969లో మూతపడినా, దాని ఇంజిన్ మాత్రం మన దేశంలో మరో మూడు దశాబ్దాలకు పైగా తయారవుతూనే ఉంది. మొత్తం రెండున్నర వేలకు పైగా డబ్ల్యూడీఎం-2లు పట్టాలెక్కాయి.

దీని గుండె 16 సిలిండర్ల ఆల్కో 251 ఇంజిన్. సిలిండర్లు ఎనిమిదేసి చొప్పున రెండు వరసల్లో, ‘వి’ ఆకారంలో ఉంటాయి. ఒక్కో సిలిండర్ వ్యాసం 9 అంగుళాలు, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం పదిన్నర అంగుళాలు. లెక్కేస్తే ఒక్కో సిలిండర్ దాదాపు 11 లీటర్లు, మొత్తం 175 లీటర్లు. ఇంత పెద్ద ఇంజిన్ ఫుల్ నాచ్‌లో తిరిగే వేగం నిమిషానికి 1,000 చుట్లు మాత్రమే. 2,600 హార్స్‌పవర్ అంటే లీటరుకు 15 కూడా రాదు.

పోలికకు 1975 నాటి పోర్షా 911 టర్బో తీసుకోండి. 3 లీటర్ల ఇంజిన్, 260 హార్స్‌పవర్. లీటరుకు 87 దాకా వస్తుంది. అంతమాత్రాన రైలింజన్ చేతకానిదని కాదు. కారు ఫుల్ థ్రాటిల్‌లో పరుగెత్తేది కొన్ని సెకన్లు, మహా అయితే నిమిషాలు. రైలింజన్ ఘాట్ ఎక్కేటప్పుడు గంటల తరబడి పూర్తి బలంతో పని చేయాలి. ఎంత బలం రాబట్టవచ్చన్నది ఆ బలాన్ని ఎంతసేపు ఇవ్వాలన్న దాని మీద ఆధారపడుతుంది. ట్యూనింగ్ మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే.

బలం వచ్చేది గాలి నుంచే

ఇంజిన్‌లో ఇంధనం ఎక్కువ పోయడం కష్టం కాదు. ఆ ఇంధనం కాలడానికి సరిపడా గాలి అందించడమే కష్టం. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే కనీసం పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. శుభ్రంగా కాలాలంటే అంతకన్నా బాగా ఎక్కువే అందించాలి. గాలి చాలకపోతే మిగిలిన ఇంధనం మసిగా మారి పొగగొట్టంలోంచి పోతుంది.

ఆల్కో ఇంజిన్ నాచ్ పెంచగానే నల్లటి పొగ కక్కడం రైల్వే కాలనీల్లో పెరిగినవాళ్లంతా చూసే ఉంటారు. దాన్ని చూసి ఇంజిన్ భలే బలమైందనుకునేవాళ్లూ ఉన్నారు. నిజానికి ఆ పొగ లోపానికి గుర్తు. ఇంధనం వెంటనే పెరిగింది, టర్బోచార్జర్ మాత్రం ఇంకా వేగం అందుకోలేదు. ఆ కొద్ది సెకన్లలో గాలి చాలక డీజిల్ సగం కాలింది.

ఇంజిన్ సైజు, తిరిగే వేగం మారకుండా బలం పెరగాలంటే మిగిలిన దారి ఒక్కటే. ప్రతి పేలుడుకూ పిస్టన్ మీద పడే ఒత్తిడి పెరగాలి. 2,600 హార్స్‌పవర్ దగ్గర ఆ సగటు ఒత్తిడి లెక్క ప్రకారం 13 బార్లకు కాస్త పైన ఉంటుంది. 3,100 కావాలంటే దాదాపు 16 బార్లు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, 9 అంగుళాల పిస్టన్ మీద ఒక్క బార్ పెరిగితే 400 కిలోలకు పైగా అదనపు బరువు పడినట్టే. పేలుడు క్షణంలో పడే గరిష్ఠ ఒత్తిడి ఈ సగటుకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఒక్కో సిలిండర్‌లో నిమిషానికి 500 సార్లు ఇది జరుగుతుంది. పిస్టన్, కనెక్టింగ్ రాడ్, బేరింగ్, హెడ్ బోల్టులు అన్నీ దాన్ని మోయాలి.

మార్చిన అయిదు భాగాలు

రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ ఈ ఇంజిన్ కోసం ఒక కిట్ సిద్ధం చేసింది. మొదటి ఉద్దేశం ఇంధనం ఆదా. బలం పెంచడానికీ అదే పునాది అయింది. అందులో ముఖ్యమైన మార్పులు ఇవి.

టర్బోచార్జర్: బయటికి పోయే పొగ ఒత్తిడితో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. పాత ఆల్కో టర్బో స్థానంలో ఎక్కువ సామర్థ్యమున్న కొత్త టర్బోలు పెట్టారు. అంతే పొగతో ఇవి ఎక్కువ గాలిని నొక్కగలవు.

ఆఫ్టర్‌కూలర్: నొక్కిన గాలి వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఆ గాలి సిలిండర్‌లోకి వెళ్లేలోపు దాన్ని నీటితో చల్లబరిచే భాగమే ఆఫ్టర్‌కూలర్. దీన్ని పెద్దది చేశారు. గాలి చిక్కబడింది, సిలిండర్ లోపలి వేడి తగ్గింది.

క్యామ్‌షాఫ్ట్: గాలి వచ్చే వాల్వు, పొగ పోయే వాల్వు రెండూ ఒకేసారి తెరిచి ఉండే కొద్ది సమయాన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. దాన్ని 123 డిగ్రీల నుంచి 140 డిగ్రీలకు పెంచారు. ఆ సమయంలో తాజా గాలి సిలిండర్‌లో మిగిలిన పొగను తోసేసి, పిస్టన్ తలను, వాల్వులను చల్లబరుస్తుంది. ఎక్కువ భారం మోయాలి కాబట్టి షాఫ్ట్‌ను కూడా మరింత గట్టిగా చేశారు.

ఇంజెక్షన్ పంపు: ప్లంజర్ వ్యాసం 15 మిల్లీమీటర్ల నుంచి 17కు పెరిగింది. చూడ్డానికి రెండు మిల్లీమీటర్లే అయినా ప్లంజర్ విస్తీర్ణం 28 శాతం పెరిగినట్టు. దానివల్ల డీజిల్ తక్కువ సమయంలో, ఎక్కువ ఒత్తిడితో సిలిండర్‌లోకి వెళ్తుంది. కావలసిన క్షణంలోనే కాలుతుంది.

పిస్టన్: పూర్తిగా అల్యూమినియంతో చేసిన పిస్టన్ బదులు, పైన ఉక్కు టోపీ బిగించిన పిస్టన్ వచ్చింది. మంట తగిలే చోట ఉక్కు, కదలిక సులువుగా ఉండాల్సిన చోట అల్యూమినియం.

ఈ అయిదింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా పని చేయదు. ఓవర్‌ల్యాప్ పెంచి పాత టర్బోనే ఉంచితే, గాలి ఒత్తిడి కన్నా పొగ ఒత్తిడి ఎక్కువైనప్పుడు పొగ వెనక్కి తన్నుతుంది. పెద్ద పంపు పెట్టి గాలి పెంచకపోతే మసి, వేడి తప్ప ఏమీ మిగలవు. టర్బో పెంచి పిస్టన్ మార్చకపోతే పిస్టన్ తల కాలిపోతుంది. ఇక ఇంజిన్ బలం చక్రాలకు చేరేది కరెంటు రూపంలో కాబట్టి, పాత డీసీ జనరేటర్ స్థానంలో ఆల్టర్నేటర్, రెక్టిఫైర్ వచ్చాయి. ఇన్ని మార్పులయ్యాకే దానికి డబ్ల్యూడీఎం-3ఏ అనే పేరు దక్కింది. అదే దారిలో 3,300 హార్స్‌పవర్ల డబ్ల్యూడీఎం-3డీ కూడా వచ్చింది.

ముందు కొలత, తర్వాతే మార్పు

పాత డబ్ల్యూడీఎం-2లను ఇలా మార్చే పని ఎక్కువగా పంజాబ్‌లోని పటియాలాలో జరిగింది. 1981లో విడిభాగాల కర్మాగారంగా మొదలైన ఆ సంస్థ, తర్వాత డీజిల్ ఇంజిన్ల ఆధునికీకరణ కేంద్రంగా మారింది. డీజిల్ లోకో ఆయుష్షు 36 ఏళ్లుగా లెక్కేసి, అందులో సగం, అంటే 18 ఏళ్లు నిండాక పూర్తిగా విప్పి తిరిగి కట్టడం పద్ధతి. బలం పెంచే మార్పులు కూడా అప్పుడే చేసేవారు. రోజువారీ మరమ్మతులు షెడ్లవి. బిలాస్‌పూర్‌లో ఉన్నది ఎలక్ట్రిక్ లోకో షెడ్. ఈ జోన్‌లో డీజిల్ ఇంజిన్లు చూసేది రాయపూర్ షెడ్. తెలుగు రాష్ట్రాల్లో విశాఖపట్నం, కాజీపేట, గుత్తి షెడ్లు ఇదే జాతి ఇంజిన్లను దశాబ్దాల పాటు సాకాయి.

ఈ షెడ్లలో పాటించే క్రమం కారు మెకానిక్కులకూ పనికొస్తుంది.

విప్పక ముందే ఇంజిన్ ఆయిల్‌ను ల్యాబ్‌లో పరీక్షిస్తారు. ఆయిల్‌లో ఇనుము ఎక్కువుంటే లైనర్ లేదా రింగులు, రాగి, సీసం ఎక్కువుంటే బేరింగులు అరుగుతున్నాయని అర్థం. సిలికాన్ కనిపిస్తే గాలి ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోతోందని. డాక్టర్ రక్తపరీక్ష రాసినట్టే ఇది.

విప్పాక లైనర్ వ్యాసాన్ని ఒక్క చోట కొలిచి వదిలేయరు. పైన, మధ్యలో, కింద, అడ్డంగా, నిలువుగా కొలుస్తారు. గుండ్రంగా ఉండాల్సింది కోలగా అయిందేమో చూస్తారు. క్రాంక్‌షాఫ్ట్‌కు కంటికి కనబడని పగుళ్లున్నాయేమో అయస్కాంత పద్ధతిలో వెతుకుతారు. బేరింగ్ సందు పరిమితిలో లేకపోతే ముందుకు వెళ్లరు.

మళ్లీ కట్టాక నేరుగా రైలుకు తగిలించరు. లోడ్ బాక్స్ పరీక్ష ఉంటుంది. ఇంజిన్ తయారుచేసిన కరెంటును పెద్ద రెసిస్టెన్సుల్లో ఖర్చు చేయిస్తూ, ప్రతి నాచ్‌లోనూ ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు వచ్చాయో చూసి హార్స్‌పవర్ లెక్కిస్తారు. పొగ వేడి, ఆయిల్ ఒత్తిడి, టర్బో గాలి ఒత్తిడి అన్నీ రాసుకుంటారు. కార్ల ప్రపంచంలో దీనికి సమానమైనది డైనో పరీక్ష. ముందూ వెనుకా డైనో రీడింగ్ చూపించకుండా ‘30 హార్స్‌పవర్ పెరిగింది’ అని చెప్పే ట్యూనర్ మాటను నమ్మడానికి ఆధారం లేదు.

అంబాసిడర్‌కు ఒక స్పోర్ట్స్ కార్ చుట్టం

స్పోర్ట్స్ కార్లలోనూ ఇదే కథ. మన అంబాసిడర్‌లో చాలా ఏళ్లు నడిచిన 1,489 సీసీ పెట్రోల్ ఇంజిన్, బ్రిటన్‌కు చెందిన బీఎంసీ బి-సిరీస్ కుటుంబానిది. 1955లో వచ్చిన ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్‌లోనూ అదే కుటుంబపు 1,489 సీసీ ఇంజిన్. అంబాసిడర్‌లో దాని బలం సుమారు 50 హార్స్‌పవర్. ఎంజీఏలో 70 దాకా.

తేడా ఎక్కడుంది? ఎంజీఏకు రెండు కార్బరేటర్లు. కంప్రెషన్ కూడా ఎక్కువ, 8.3కు 1. అంబాసిడర్‌ను మనదేశపు పెట్రోలుకు, నిండుగా జనాన్నీ సామాన్లనూ ఎక్కించుకుని నెమ్మదిగా లాగే పనికి సర్దారు. అదే ఇనుము, వేరే గాలి, వేరే లక్ష్యం.

తర్వాత ఆ ఇంజిన్ 1962లో ఎంజీబీ కార్‌లో 1,798 సీసీకి, 95 హార్స్‌పవర్లకు పెరిగింది. ఇక్కడే రైలింజన్ పాఠం మళ్లీ కనిపిస్తుంది. మొదట్లో క్రాంక్‌షాఫ్ట్‌ను మూడు మెయిన్ బేరింగులే మోసేవి. 1964లో వాటిని అయిదుకు పెంచారు. ఈ ఇంజిన్‌కు ఇంకో పరిమితి కూడా ఉంది. నాలుగు సిలిండర్లకు గాలి వెళ్లే దారులు రెండే, ఇద్దరికొకటి చొప్పున. అందుకే దీన్ని ట్యూన్ చేసేవాళ్లు హెడ్‌లోని ఆ దారులను సాఫీ చేయడం మీదే ఎక్కువ సమయం పెడతారు.

పోర్షా కథ ఇంకా దగ్గరిది. 1978లో 911 టర్బోకు ఇంటర్‌కూలర్ జోడించి, ఇంజిన్‌ను 3.3 లీటర్లకు పెంచారు. బలం 260 నుంచి 300కు చేరింది. అదే ఏడాది పెద్ద బ్రేకులూ వచ్చాయి. ఆల్కో ఇంజిన్‌లో ఆఫ్టర్‌కూలర్ చేసే పనే ఇంటర్‌కూలర్ చేస్తుంది, పేరే వేరు.

క్యామ్‌షాఫ్ట్ దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. టర్బో లేని కారులో ఓవర్‌ల్యాప్ బాగా పెంచితే పై వేగాల్లో జోరు వస్తుంది గానీ, ఐడిలింగ్‌లో ఇంజిన్ వణుకుతుంది, ట్రాఫిక్‌లో కింది వేగాల బలం పోతుంది. రేసు ట్రాక్‌కు నప్పే క్యామ్ బజారు రోడ్డుకు నప్పదు.

హార్స్‌పవర్ పెంచినా పెరగనిది

డబ్ల్యూడీఎం-2 బరువు 112.8 టన్నులు. నిలబడి ఉన్న రైలును కదిలించేటప్పుడు అది లాగగలిగే బలం దాదాపు 30 టన్నులు. ఆ పరిమితి ఇంజిన్‌ది కాదు, చక్రానికీ పట్టాకూ మధ్య ఉన్న పట్టుది. అంతకు మించి లాగితే చక్రం జారుతుంది. ఆ బరువుతో ఇంజిన్‌లోకి ఇంకో 500 హార్స్‌పవర్ ఎక్కించినా బండి కదిలే క్షణంలో పెద్ద తేడా ఉండదు. తేడా కనిపించేది వేగం అందుకున్నాక. అదే బండిని, అదే ఎత్తు మీద, ఇంకాస్త వేగంగా లాగుతుంది.

కారుకూ ఇంతే. పాత సన్న టైర్లు, పాత డ్రమ్ బ్రేకులు అలాగే ఉంచి ఇంజిన్ బలం పెంచితే పెరిగేది ప్రమాదం. బడ్జెట్ వేసుకునేటప్పుడు బ్రేకులు, టైర్లు, రేడియేటర్, క్లచ్ ముందు వరసలో ఉండాలి.

పెట్రోలు, చట్టం

మన దేశంలో 2000 నుంచి సీసం లేని పెట్రోలే దొరుకుతోంది. అంతకు ముందటి చాలా ఇంజిన్లలో పొగ వాల్వు కూర్చునే సీటుకు ఆ సీసమే కాపు. హెడ్ విప్పినప్పుడే గట్టి సీట్లు వేయించుకోవడం మంచిది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు పైపులు, కార్బరేటర్ గ్యాస్కెట్లు దాన్ని తట్టుకోలేవు. అంతేకాదు, ఇథనాల్ కలిస్తే అదే గాలికి కాస్త ఎక్కువ ఇంధనం కావాలి. జెట్‌ను తగినట్టు మార్చకపోతే మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నవాటికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, ఉల్లంఘించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టే అవకాశమూ ఉంది. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవాలన్నా, 2021 నిబంధనల ప్రకారం అది అసలు రూపంలోనే ఉండాలి. అంటే పాత ఇంజిన్‌ను పాత కొలతలకు తెచ్చి ఆరోగ్యంగా నడిపించడం ఒక పని, కొత్త బలం ఎక్కించడం మరో పని. రెండోది రోడ్డు కోసమా, అనుమతి ఉన్న ట్రాక్ కోసమా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఎక్కడ ఆపాలి?

రైల్వే ఈ ఇంజిన్‌ను ఎంత మెరుగుపరిచినా ఒకచోట ఆగింది. 2018లో వారణాసిలో రెండు పాత డీజిల్ లోకోలను కలిపి 10,000 హార్స్‌పవర్‌ల జంట ఎలక్ట్రిక్ ఇంజిన్‌గా మార్చారు. 2019 ఫిబ్రవరిలో ప్రధాని దానికి జెండా ఊపారు. ఆ మార్పిడి పెద్దఎత్తున సాగలేదు. విద్యుత్ తీగలు దాదాపు అన్ని మార్గాలకూ చేరాక, కొత్త ఎలక్ట్రిక్ ఇంజిన్ కొనడమే మేలని లెక్క తేలింది. పని చేయగలిగిన కొన్ని డీజిల్ ఇంజిన్లు పొరుగు దేశాలకు వెళ్లాయి. 2020లో బంగ్లాదేశ్‌కు పది ఇచ్చారు. మిగిలినవి ఒక్కొక్కటిగా తుక్కులోకి వెళ్తున్నాయి.

పాత కారు యజమాని వేసుకోవలసిన లెక్కా ఇదే. బ్లాక్ పగిలి ఉంటే, క్రాంక్‌షాఫ్ట్ ఇంకోసారి గ్రైండింగ్‌కు తట్టుకోకపోతే, మొదటి రూపాయి ఖర్చు పెట్టే ముందే ఆగాలి. ఇనుము బాగుంటే ముందు దాన్ని అసలు కొలతలకు తేవాలి. ఆ తర్వాత గాలి, ఇంధనం, చల్లదనం, దృఢత్వం నాలుగూ సమంగా పెంచుకుంటూ పోవాలి. ఆల్కో ఇంజిన్‌కు పెరిగింది 19 శాతమే. కానీ ఆ 19 శాతాన్ని అది పూర్తి బరువుతో, ఏళ్ల తరబడి, రోజూ ఇచ్చింది.